చివరి బ్యాచ్ గడియారం: ఒక స్థానిక స్ప్రింట్ ట్రయథ్లాన్ నిర్వహణపై సమీక్ష

మా క్లబ్బు నుంచి ఐదుగురం ఇటీవల ఒక స్థానిక స్ప్రింట్ ట్రయథ్లాన్‌లో పాల్గొన్నాం. మాలో ఇద్దరికి అదే మొదటి పోటీ, ఇద్దరికి రెండోది, నాకు నాలుగోది. బహుమతి మీద ఆశతో వెళ్లినవాళ్లం కాదు. ఉద్యోగాలకు వెళ్లేముందు తెల్లవారుజామున, సెలవు రోజుల్లో మరికొంత ఎక్కువసేపు సాధన చేసుకునేవాళ్లం. రుసుము కట్టి పేరు నమోదు చేసుకున్న నాటి నుంచి ఫలితాల పట్టికలో తప్పు దిద్దించుకున్న నాటి వరకు నిర్వాహకుల సేవ మాకు ఎలా అందిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పోటీ పేరు మాత్రం రాయడం లేదు. మా అభ్యంతరాలను నిర్వాహకులకు విడిగా ఉత్తరంలో పంపాను, దిద్దుకోవడానికి వారికి వ్యవధి ఉండాలి. పైగా ఇందులోని మంచి, చెడు ఆ ఒక్క పోటీకే పరిమితమైనవి కావు; వలంటీర్ల మీద ఆధారపడి నడిచే ఏ చిన్న పోటీలోనైనా ఎదురయ్యేవే.

స్ప్రింట్ ట్రయథ్లాన్ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో తొలిసారి ట్రయథ్లాన్ జరిగినప్పుడు పోటీదారులు పూర్తి చేసిన 1.5, 40, 10 కిలోమీటర్ల దూరాలకు ఇవి సరిగ్గా సగం. పేరులో స్ప్రింట్ ఉన్నంత మాత్రాన ఇది కొన్ని సెకన్లలో ముగిసే పందెం కాదు. బాగా సాధన చేసిన ఔత్సాహికులకు సుమారు గంటా పావు, కొత్తగా వచ్చినవారికి రెండు గంటల దాకా పడుతుంది. అంటే ముందు వచ్చేవారికీ చివర వచ్చేవారికీ మధ్య నలభై నిమిషాలకు పైగా ఎడం ఉంటుంది. అంత ఎడం ఉన్న పోటీని ముందువారి గడియారంతో నడిపితే చివరివారికి ఏం జరుగుతుందో మేం ఆ రోజు చూశాం. ఈ సమీక్ష రాయడానికి ముఖ్య కారణం అదే.

నమోదు విషయంలో చెప్పుకోవలసిన లోపం ఏమీ లేదు. దరఖాస్తులో ఒక ప్రశ్న నాకు ప్రత్యేకంగా నచ్చింది: కొలనులో 400 మీటర్లు ఆగకుండా ఈదడానికి మీకు ఎంత సమయం పడుతుందని అడిగారు. చాలా పోటీల్లో వయసును బట్టి బ్యాచ్‌లు వేస్తారు. ఒకే వయసువారిలో చేపలా ఈదేవారూ ఉంటారు, తల నీటిపైనే ఉంచి నెమ్మదిగా చేరేవారూ ఉంటారు. ఇద్దరినీ ఒకేసారి నీటిలోకి వదిలితే వేగంగా ఈదేవారు నెమ్మదిగా ఈదేవారి మీదుగా వెళ్లక తప్పదు. ఇక్కడ ఈత వేగాన్ని బట్టి సుమారు 240 మందిని నాలుగు బ్యాచ్‌లు చేశారు. ఒక్కో బ్యాచ్‌కు ఒక్కో రంగు క్యాప్ ఇచ్చారు. ముందుగా వేగంగా ఈదేవారు, ఆ తరువాత ఎనిమిదేసి నిమిషాల తేడాతో మిగిలినవారు బయలుదేరారు. మాలో మొదటిసారి పాల్గొన్న ఇద్దరూ నాలుగో బ్యాచ్‌లో పడ్డారు. ఆ ఇద్దరిలో ఒకరు 52 ఏళ్ల సభ్యురాలు. ఈత నేర్చుకుని అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు.

ఈత నిర్వహణకు నేను పూర్తి మార్కులు ఇస్తాను, ఎందుకు ఇస్తున్నానో కొంత విపులంగా చెప్పాలి. కొలనులో వెయ్యి మీటర్లు అలవోకగా ఈదగలిగినవారు కూడా బహిరంగ జలాల్లో మొదటి వంద మీటర్లకే ఊపిరి అందక ఆగిపోవడం మామూలే. కొలనులో అడుగున నల్లగీత కనిపిస్తుంది, పాతిక మీటర్లకో యాభై మీటర్లకో పట్టుకోవడానికి గోడ ఉంటుంది. చెరువులో చూపు మోచేతి దాకా కూడా ఆనదు, పక్కవారి చెయ్యి భుజానికి తగులుతుంది, వెనకవారి వేళ్లు పాదానికి తగులుతాయి, వీటన్నిటి మధ్య ఏడెనిమిది బారలకు ఒకసారి తల ఎత్తి, దారి చూపడానికి నీటిపై తేలేలా కట్టిన బోయ ఎటు ఉందో చూసుకోవాలి. బయలుదేరే ఉత్సాహంలో వేగం ఎక్కువవుతుంది, శ్వాస లయ తప్పుతుంది, ఆ తరువాత భయం తనంతట తానే పెరుగుతుంది. ట్రయథ్లాన్‌లలో సంభవించిన మరణాల్లో ఎక్కువ భాగం ఈత దశలోనే జరిగాయన్న సంగతి తెలిసిన నిర్వాహకులు ఈ 750 మీటర్లను తేలిగ్గా తీసుకోరు. ఈ నిర్వాహకులు తీసుకోలేదు.

ముందుగా, ప్రతి బ్యాచ్‌కూ బయలుదేరే ముందు పది నిమిషాలు నీటిలో ఉండనిచ్చారు. శరీరం నీటికి అలవాటు పడడానికి, గాగుల్స్‌లోకి నీరు వస్తోందో లేదో చూసుకోవడానికి, శ్వాస కుదుట పడడానికి ఆ పది నిమిషాలు ఎంత అవసరమో ఒడ్డున నిలబడి నేరుగా దూకినవారికి తెలుస్తుంది. రెండోది, మలుపుల దగ్గర పెట్టిన బోయలు మనిషెత్తున, నారింజ రంగులో ఉన్నాయి. నీటి మట్టం నుంచి చూసినా ఎండకు ఎదురుగా చూసినా స్పష్టంగా కనిపించాయి. వాటి మధ్య దారి చూపడానికి వేరే రంగు చిన్న బోయలు కట్టారు. నా మూడో పోటీలో మరోచోట అన్నీ ఒకే రంగు బోయలు కట్టారు. చిన్న బోయను మలుపు అనుకుని తిరిగిపోయినవారు అప్పుడు నలుగురైదుగురు ఉన్నారు. మూడోది, ఆరు కయాక్‌లు (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవలు), ఒక మోటారు పడవ ఈత మార్గం పొడవునా ఉన్నాయి. నాలుగో బ్యాచ్ వచ్చేసరికి మూడు కయాక్‌లను పూర్తిగా ఆ బ్యాచ్ వెనకే ఉంచారు. అవసరం ఎక్కడ ఎక్కువగా ఉంటుందో లెక్క వేసుకుని చేసిన ఏర్పాటు అది.

అలసినవారు ఆగి ఉన్న కయాక్‌ను గాని బోయను గాని పట్టుకుని సేద తీరవచ్చు, దాని ఆసరాతో ముందుకు జరగకుండా ఉంటే చాలు, పోటీ నుంచి తొలగించరు. ఈ నిబంధన తెలియక చాలామంది కొత్తవారు చెయ్యి ఎత్తడానికి సంకోచిస్తారు, పట్టుకుంటే అక్కడితో పోటీ అయిపోయినట్టేనని భయపడతారు. ముందురోజు సాయంత్రం జరిగిన బ్రీఫింగ్‌లో సాంకేతిక అధికారి ఈ ఒక్క విషయాన్నే మూడుసార్లు చెప్పారు. మా సభ్యురాలు మొదటి మలుపు దాటాక రెండుసార్లు ఆగారు. కయాక్‌లో ఉన్న యువకుడు, "పట్టుకోండమ్మా, ఊపిరి కుదుటపడే దాకా ఇక్కడే ఉంటాను, తొందరేం లేదు" అన్నాడట. ఆమె 22 నిమిషాల్లో ఒడ్డుకు చేరారు. తరువాత నాతో మాట్లాడినప్పుడు ఆ రోజు జరిగినదంతా ఆ మాటతోనే మొదలుపెట్టి చెప్పారు.

నీటి నుంచి బయటికి వచ్చేచోట ఇద్దరు వలంటీర్లు మెట్ల వంటి రబ్బరు చాప మీద నిలబడి చేయి అందించారు, వారి వెనక ఒకరు క్యాప్‌లు లెక్కపెట్టారు. లోపలికి వెళ్లినవారి లెక్క, బయటికి వచ్చినవారి లెక్క సరిపోలితేనే ఆ బ్యాచ్ వెనక ఉన్న కయాక్‌లను తరువాతి బ్యాచ్‌కు పంపించారు. చూసేవారి కంట పడని పని ఇది. అయినా పోటీ మొత్తంలో ఇంతకంటే ముఖ్యమైన పని ఉందని నేను అనుకోను.

ఈతకు సంబంధించి ఒక్క ఇబ్బంది వచ్చింది, అది వెట్‌సూట్ గురించి. నియోప్రీన్ రబ్బరుతో చేసే ఈ దుస్తు శరీరాన్ని వెచ్చగా ఉంచడమే కాక నీటిపై తేల్చి పెడుతుంది. కాళ్లు కిందికి జారిపోయే అలవాటు ఉన్న కొత్త ఈతగాళ్లకు అది పెద్ద ఆసరా. అందుకే దాని మందం 5 మిల్లీమీటర్లకు మించకూడదని, వయో విభాగాల పోటీదారులకు స్ప్రింట్ దూరంలో నీటి ఉష్ణోగ్రత 22 డిగ్రీలు దాటితే వాడకూడదని అంతర్జాతీయ సమాఖ్య అయిన వరల్డ్ ట్రయథ్లాన్ నియమాలు చెబుతాయి. పోటీకి గంట ముందు, 60 సెంటీమీటర్ల లోతున, ఒకటి కంటే ఎక్కువ చోట్ల కొలిచి, వాటిలో అతి తక్కువ అంకెను లెక్కలోకి తీసుకుంటారు. వారం ముందు మాకు పంపిన సమాచారంలో నీరు 21 డిగ్రీలని రాశారు. ఆ రోజు ఉదయం పలకపై 22.6 అని, వెట్‌సూట్ అనుమతి లేదని ప్రకటించారు. నిర్ణయం సరైనదే, దాన్ని తప్పు పట్టను. అయితే మధ్యలో నాలుగు రోజులు ఎండలు కాశాయి, నీరు వేడెక్కుతున్న సంగతి నిర్వాహకులకు ముందే తెలిసి ఉండాలి. "వెట్‌సూట్ లేకుండా ఈదడానికి సిద్ధపడి రండి" అని రెండు రోజుల ముందు ఒక్క వాక్యం పంపి ఉంటే కొత్తవారు ఒకటి రెండుసార్లు అలా సాధన చేసి వచ్చేవారు. ఆ ఉదయం మాలో కొత్తవారిద్దరి ముఖాల్లో కనిపించిన ఆందోళనకు కారణం చెరువు కాదు, ఆ ప్రకటన.

ఇక ట్రాన్సిషన్, అంటే ఈత నుంచి సైకిల్‌కు, సైకిల్ నుంచి పరుగుకు మారే ప్రాంగణం. దీన్ని ఎలా వేశారో చూస్తే నిర్వాహకుల అనుభవం తెలిసిపోతుంది. ఈత ముగించినవారు ఒక కొసన లోపలికి వచ్చి, సైకిల్ తీసుకుని రెండో కొసన బయటికి వెళ్లేలా దారి పెట్టారు. అలా చేస్తే సైకిల్ ఏ వరుసలో ఉన్నా ఖాళీ చేతులతో పరుగెత్తిన దూరం, సైకిల్ నడిపిస్తూ పరుగెత్తిన దూరం కలిపితే అందరికీ ఒకటే అవుతుంది. ఒకే ద్వారం పెట్టే పోటీల్లో దాని పక్కన చోటు దొరికినవారికి అనవసరమైన లాభం కలుగుతుంది. ఇక్కడ ఆ అన్యాయం లేదు. సైకిల్ లోపలికి తెచ్చేటప్పుడు బ్రేకులు, హెల్మెట్ పట్టీ, హ్యాండిల్ కొసలకు బిరడాలు ఉన్నాయో లేవో చూశారు. బిరడా లేని బోలు గొట్టం కిందపడ్డప్పుడు ఒంట్లోకి దిగబడుతుంది కాబట్టి అది లేనివారికి అక్కడే ఇచ్చి పెట్టించారు. బయటికి వెళ్లేటప్పుడు ఒంటిపై సంఖ్య, సైకిల్‌పై సంఖ్య ఒకటేనా అని పరిశీలించారు. సాధన కోసం ఏళ్ల తరబడి కూడబెట్టి కొనుక్కున్న సైకిళ్లు అక్కడ గంటల కొద్దీ యజమాని లేకుండా ఉంటాయి. ఆ పరిశీలన ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

ర్యాక్‌ల మధ్య ఎడం మాత్రం చాలలేదు. ఒక్కో గొట్టానికి పది సైకిళ్లు సీటు ఆధారంగా వేలాడదీయించారు, ఎనిమిదితో సరిపెట్టవలసింది. నా సైకిల్ పెడల్ పక్క సైకిల్ చక్రం పుల్లల్లో ఇరుక్కుని విడిపించుకోవడానికి అర నిమిషం పైనే పట్టింది. బూట్లు, హెల్మెట్, సంఖ్య కట్టుకునే బెల్టు పరుచుకోవడానికి తువాలు వెడల్పు చోటైనా మిగలలేదు. మైదానంలో వెనకవైపు రెండు వరుసలు వేసుకునేంత ఖాళీ కళ్లెదుటే ఉంది.

ర్యాక్ నుంచి సైకిల్ తీయడానికి ముందే హెల్మెట్ పట్టీ బిగించుకోవాలి, తిరిగి వచ్చి సైకిల్ పెట్టాకే విప్పాలి. కొత్తవారికి దండన తెచ్చిపెట్టే నియమం ఇదే. మాలో ఒకరు తడిచేతులతో పట్టీ బిగించలేక అలాగే సైకిల్ మీద చెయ్యి వేయబోతుంటే అక్కడి మార్షల్ ముందుగానే గట్టిగా పిలిచి ఆపారు. తప్పు జరిగాక దండించడానికి పొంచి ఉండకుండా జరగకముందే ఆపడం ఔత్సాహికుల పోటీలో ఉండవలసిన పద్ధతి. ఆ మార్షల్ నిలబడిన రెండు గంటల్లో అలా కనీసం ఇరవై మందిని కాపాడి ఉంటారు.

సైకిల్ మార్గం పది కిలోమీటర్ల చుట్టు, దాన్ని రెండుసార్లు తిరగాలి. రోడ్డు బాగుంది, కూడళ్లలో వాహనాలను ఆపారు, గుంతల చుట్టూ తెల్లసున్నం గీతలు గీశారు. సైకిల్ ఎక్కవలసిన గీతను మాత్రం ఎత్తు మొదలయ్యేచోట పెట్టారు. తడికాళ్లతో, వణుకుతున్న చేతులతో, బరువైన గేరులో ఉన్న సైకిల్‌ను ఎగువకు ఎక్కించలేక నా ముందే ఇద్దరు ఒరిగిపోయారు. గీతను పాతిక మీటర్లు వెనక్కి జరిపితే సమతలం ఉంది.

డ్రాఫ్టింగ్, అంటే ముందువారి వెనక చేరి గాలిమరుగున తొక్కడం, విషయంలో నాకు తీవ్రమైన అసంతృప్తి ఉంది. ఒలింపిక్స్‌లో పోటీదారులు గుంపుగా, ఒకరి వెనక ఒకరు గాలిమరుగున తొక్కవచ్చు. ఔత్సాహికుల పోటీల్లో సాధారణంగా అది నిషిద్ధం, ఎవరి గాలిని వారే చీల్చుకుని వెళ్లాలి. ముందు సైకిల్‌తో 10 మీటర్ల ఎడం పాటించాలని, ఆ ఎడంలోకి వస్తే 20 సెకన్లలో దాటిపోవాలని మా బ్రీఫింగ్‌లో చెప్పారు. సమతలంపై వేగంగా తొక్కేవారి శ్రమలో అధికభాగం గాలిని తోయడానికే పోతుంది కాబట్టి ఒకరి వెనక చేరినవారికి కలిగే లాభం చిన్నది కాదు. నియమం న్యాయమైనదే. దాన్ని పాటించే వీలు మార్గంలో ఉందా అన్నదే నా ప్రశ్న. 240 మందిని పది కిలోమీటర్ల చుట్టు మీద సమానంగా సర్దితే ఒకరికొకరికి నలభై మీటర్లకు పైగా వస్తుంది, కాగితం మీద అది చాలినంత. కానీ ఒకే వేగంతో ఈదినవారిని ఒకే బ్యాచ్‌లో పెట్టినప్పుడు వారు గుంపుగానే బయటికి వస్తారు. మొదటి చుట్టు తిరిగి వచ్చిన ముందు బ్యాచ్‌లవారు అప్పుడే బయలుదేరుతున్న నాలుగో బ్యాచ్‌తో కలిశారు. మొదటి మూడు కిలోమీటర్లలో రోడ్డు సగం వెడల్పే ఇచ్చారు. అక్కడ నా ముందు పదిహేను మంది గుంపు ఉంది. వెనక్కి తగ్గితే వెనకవారు ఆ ఎడంలోకి వచ్చేస్తారు, దాటుదామంటే చోటు లేదు.

మోటారు సైకిల్‌పై తిరిగే అధికారి ఆ భాగంలో ఒక్కసారి కూడా నాకు కనిపించలేదు, ఎవరికీ ఎడం తప్పకుండా ఉండే విశాలమైన వెనక భాగంలో మాత్రం రెండుసార్లు కనిపించారు. నిజాయతీగా ఎడం పాటించి వెనకబడినవారికి ఇది ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు, ఎందుకంటే మా క్లబ్బులో వేగంగా తొక్కే సభ్యుడు అలా పాటించే తన వయో విభాగంలో నాలుగో స్థానానికి జారాడు. ఆయన ఫిర్యాదు చేయలేదు. నేను ఆయన తరఫున ఈ మాట రాస్తున్నాను.

రెండో మార్పిడి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, అంతా సాఫీగా సాగింది. సైకిల్ దిగాక మొదటి కిలోమీటరు కాళ్లు తమవి కానట్టు ఉంటాయి. దానికి నిర్వాహకులు చేయగలిగినదేమీ లేదు, సైకిల్ తొక్కిన వెంటనే పరుగెత్తే సాధన ఒక్కటే మందు. పరుగు మార్గం రెండున్నర కిలోమీటర్ల చుట్టు, రెండుసార్లు. చెట్ల నీడ సగం దూరం ఉంది. నీళ్ల బల్లలు రెండు ఉన్నాయి. నేను వెళ్లినప్పుడు రెండింటి దగ్గరా నీరు, లవణాల పానీయం సమృద్ధిగా ఉన్నాయి, వలంటీర్లు పేరు పెట్టి పిలుస్తూ ఉత్సాహపరిచారు. నేను గంటా ముప్ఫై ఒక్క నిమిషాల్లో ముగించాను. మా వేగవంతుడైన సభ్యుడికి గంటా పద్నాలుగు నిమిషాలు పట్టింది. అప్పటికి నేను ఈ పోటీని ఎవరు అడిగినా వెనకాడకుండా సిఫారసు చేసేవాడిని.

పోటీ పూర్తి చేయడానికి గడువు 2 గంటల 15 నిమిషాలని నియమావళిలో ఉంది. ఎవరైనా దాన్ని తాము నీటిలో దిగినప్పటి నుంచి లెక్క అనుకుంటారు, మేమూ అలాగే అనుకున్నాం. వాస్తవానికి గడియారాన్ని మొదటి బ్యాచ్ బయలుదేరిన క్షణం నుంచి లెక్కించారు. బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ ఎనిమిది నిమిషాల తేడా కాబట్టి నాలుగో బ్యాచ్ బయలుదేరేసరికి ఆ గడియారంలో 24 నిమిషాలు గడిచిపోయాయి. అంటే వేగంగా ఈదేవారికి 2 గంటల 15 నిమిషాలు ఇచ్చి, అందరికంటే నెమ్మదిగా ఈదేవారికి గంటా 51 నిమిషాలు ఇచ్చారు. భద్రత కోసం ఎంతో ఆలోచించి చేసిన బ్యాచ్‌ల విభజన, ఆలోచించకుండా పెట్టిన గడువుతో కలిసి, ఎవరిని కాపాడాలనుకున్నదో వారినే దెబ్బతీసింది. ఎక్కువ వ్యవధి కావలసినవారికే తక్కువ వ్యవధి దక్కింది. సమయం నమోదు చేసే చిప్ చీలమండకు కట్టి ఉంది, ప్రతి ఒక్కరూ ఏ క్షణాన బయలుదేరారో యంత్రానికి తెలుసు, అయినా నిర్వాహకులు ఆ లెక్కను ఫలితాలకు వాడారే గాని గడువుకు వాడలేదు.

మా సభ్యురాలి లెక్క ఇది: ఈతకు 22 నిమిషాలు, మొదటి మార్పిడికి 5, సైకిల్‌కు 50, రెండో మార్పిడికి 3, పరుగుకు 35, మొత్తం గంటా 55 నిమిషాలు. నియమావళిలోని గడువుకు ఇంకా ఇరవై నిమిషాలు మిగిలే ఉంది. నిర్వాహకుల గడియారంలో మాత్రం 2 గంటల 19 నిమిషాలైంది. ఆమె రెండో చుట్టులో ఉండగానే దూరపు నీళ్ల బల్ల ఎత్తేశారు. ఎండ బాగా ముదిరిన వేళ చివరి రెండు కిలోమీటర్లకు పైగా చుక్క నీరు లేకుండా పరుగెత్తారు. ముగింపు గీత దగ్గర తోరణంలోంచి గాలి తీసేస్తున్నారు, పతకాల పెట్టె వాహనంలోకి ఎక్కించేశారు. గీత దాటినప్పుడు అక్కడ మేం నలుగురం, వైద్య బృందంలో ఒక నర్సు మాత్రమే ఉన్నాం. నర్సు తన సీసాలోని నీరు ఇచ్చారు. నేను వాహనం దగ్గరికి వెళ్లి పతకం అడిగి తెచ్చి మెడలో వేశాను. ఆమె ఆనందంగానే ఉన్నారు, 750 మీటర్లు ఈదానన్న ఆనందం అది. ఆమె తరువాత ఇంకా తొమ్మిది మంది వచ్చారు, వారందరూ నాలుగో బ్యాచ్ క్యాప్ రంగువారే.

మైక్రోఫోన్‌లో వ్యాఖ్యానం అప్పటికి అరగంట ముందే బహుమతి ప్రదానం వైపు మళ్లింది. బహుమతులు ఇవ్వకూడదని నేను అనడం లేదు. ముందు వచ్చినవారు ఎంతసేపని ఎదురుచూస్తారు? రెండు పనులూ ఒకేసారి జరగవచ్చు. తోరణం దగ్గర ఒక మనిషి, ఒక నీళ్ల డబ్బా, ఒక పతకాల పెట్టె పాతిక నిమిషాలు ఎక్కువ ఉంటే సరిపోయేది.

ఈ ఆటకు పునాది వేసినవారు కూడా క్లబ్బు సభ్యులే. 1974 సెప్టెంబర్ 25న అమెరికాలోని శాన్‌డియాగోలో మిషన్ బే తీరాన అక్కడి ట్రాక్ క్లబ్బు తరఫున జాక్ జాన్‌స్టోన్, డాన్ షనహాన్ అనే ఇద్దరు సభ్యులు ట్రయథ్లాన్ అనే పేరుతో ఒక సాయంకాలపు పోటీ పెట్టారు. 46 మంది పాల్గొన్నారు. నెమ్మదిగా వచ్చేవారికి ఎంతసేపు పడుతుందో వారు కూడా తక్కువగా అంచనా వేశారు, చివరివారు ఇంకా నీటిలో ఉండగానే చీకటి పడింది. అప్పుడు కార్లను తీరానికి తెచ్చి, ముందు దీపాలు వెలిగించి, చివరి ఈతగాళ్లకు ఒడ్డు కనిపించేలా చేశారు. అంచనా తప్పడం ఆ నిర్వాహకులకూ జరిగింది, మా నిర్వాహకులకూ జరిగింది. ఆ తరువాత వారు చేసిన పనిని మా ముగింపు గీత దగ్గర ఎవరూ చేయలేదు.

ఫలితాలు ఆ సాయంత్రమే వచ్చాయి. ఈత, మార్పిడి, సైకిల్, మార్పిడి, పరుగు అని ఐదు భాగాలుగా విడివిడిగా ఇచ్చారు, ఎక్కడ మెరుగుపడాలో తెలుసుకోవడానికి అది చాలా ఉపయోగపడుతుంది. ఈత సమయంలో ఒడ్డు నుంచి ట్రాన్సిషన్ ద్వారం దాకా పరుగెత్తిన 150 మీటర్లు కూడా కలిసి ఉంది, ఆ సంగతి ఎక్కడా రాయలేదు. కొలను సమయంతో పోల్చుకునేవారు నిరాశపడకుండా ఒక గమనిక ఉంటే బాగుండేది. నాలుగో బ్యాచ్‌లో ఆలస్యమైన పదిమంది పేర్ల పక్కన "పూర్తి చేయలేదు" అని ఉంది. మా సభ్యురాలు దాన్ని నాకు చూపించి ఏమీ అనలేదు. నేను ఆ రాత్రే చిప్ సమయాలతో సహా ఉత్తరం రాశాను. మర్నాడు మధ్యాహ్నానికల్లా పదిమంది ఫలితాలూ సరిచేసి, క్షమాపణ చెబుతూ విడివిడిగా రాశారు. తప్పును ఒప్పుకుని ఒక్కరోజులో దిద్దిన తీరును గౌరవిస్తున్నాను.

ఈ పోటీకి వెళ్లవచ్చా అని మా క్లబ్బులో కొత్తగా చేరినవారు అప్పుడే అడుగుతున్నారు. బహిరంగ జలాల్లో మొదటిసారి ఈదబోతున్నవారికి ఇంతకంటే భద్రమైన చోటు నేను పాల్గొన్న నాలుగు పోటీల్లో చూడలేదు, కాబట్టి వెళ్లమనే చెబుతున్నాను. వెట్‌సూట్ లేకుండా కూడా కొన్నిసార్లు సాధన చేయమని, గడువును ఏ క్షణం నుంచి లెక్కిస్తారో నమోదుకు ముందే రాతపూర్వకంగా అడగమని, పరుగులో చిన్న నీళ్ల సీసా నడుముకు కట్టుకోమని కూడా చెబుతున్నాను. సైకిల్ వేగం మీద ఆధారపడి విభాగ బహుమతి ఆశించేవారు మాత్రం రోడ్డు మొదటి మూడు కిలోమీటర్లు పూర్తి వెడల్పు ఇచ్చేదాకా ఆగితే మంచిది.

నా ఉత్తరంలో నిర్వాహకులను రెండు మార్పులు అడిగాను: గడువును ఎవరి బ్యాచ్ గడియారంతో వారికి లెక్కించడం, చివరి పోటీదారు గీత దాటే వరకు రెండో నీళ్ల బల్లను, తోరణాన్ని కదపకపోవడం. మొదటిది పరిశీలిస్తామని జవాబు వచ్చింది. రెండోదానికి వలంటీర్లు అంతసేపు ఉండడం కష్టమని రాశారు. వచ్చే ఏడాది మా సభ్యురాలు రెండోసారి పాల్గొంటున్నారు. ఆ రోజు పోటీలో దిగకుండా చివరివరకు నీళ్ల బల్ల దగ్గర నిలబడడానికి నేను, నాలుగో స్థానంలో వచ్చిన మా సభ్యుడు పేర్లు పంపించాం.